రోగికి పేరు పెట్టే ముందు

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఏ ఆసుపత్రి వరండాలోనైనా ఓ అరగంట కూర్చుంటే చాలు, రెండు రకాల మాటలు చెవిన పడతాయి. బల్లమీద కూర్చున్నవాళ్ళు డాక్టరును గురించి చెప్పుకునేవి కొన్ని. "ఆయన హస్తవాసి మంచిది", "ఆవిడ మొహమైనా చూడకుండా మందు రాసేస్తుంది", "కసురుకుంటాడు గాని మనసు వెన్న". లోపల డాక్టర్లూ నర్సులూ రోగిని గురించి చెప్పుకునేవి మరికొన్ని. "పధ్నాలుగో బెడ్డు మాట వినదండీ", "ఆ కేసు కో-ఆపరేట్ చెయ్యటంలేదు", "అమ్మో, ఆవిడ మళ్ళీ వచ్చింది". మొదటి రకం మాటలవల్ల డాక్టరుకు పోయేది పెద్దగా ఉండదు. రెండో రకం మాటలవల్ల మటుకు రోగికి ఒక్కోసారి ప్రాణంమీదికి వస్తుంది. ఇవాళ మీతో ముచ్చటించదలచుకున్నది ఆ రెండో రకం మాటల గురించే.

మన తెలుగులో పేరు పెట్టడం అన్న మాటకు రెండర్థాలున్నాయి గదా! బారసాలనాడు బిడ్డకు పెట్టేది ఒక పేరు. కొత్తకోడలు వండిన కూరకు పెట్టేది ఇంకో రకం పేరు. రోగానికి మొదటి రకం పేరు పెట్టడం వైద్యుడి విద్య. ఆ పేరు దొరకనప్పుడో, దొరికినా రోగం లొంగనప్పుడో, రోగికి రెండో రకం పేరు పెట్టడం మనుషుల బలహీనత. డాక్టర్లూ మనుషులే కనుక వాళ్ళకూ అది తప్పలేదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. చరక సంహిత సూత్రస్థానంలో వైద్యానికి నాలుగు పాదాలు చెప్పారు. వైద్యుడు, మందు, పక్కనుండి చూసుకునే మనిషి, రోగి. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలుండాలన్నారు. రోగికుండవలసిన నాలుగూ ఏమిటంటే, జ్ఞాపకశక్తి, చెప్పినట్లు చెయ్యటం, ధైర్యం, తన బాధను తాను చెప్పుకోగలగటం. చూశారా, చెప్పినట్లు చెయ్యటం ఉంది. దాంతోపాటు చెప్పుకోగలగటమూ ఉంది. రోగి వినాలి, రోగి చెప్పాలి. మనలో చాలామందికి మొదటిది మాత్రమే గుర్తు. వైద్యుడు చెబుతాడు, మనం తలూపి రావాలి అనుకుంటాం. వైద్యులలోనూ కొందరికి అదే అలవాటు.

మరి చెప్పుకోవటానికి రోగికి ఎంత వ్యవధి దొరుకుతుంది? 1984లో అమెరికాలో బెక్మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు గడియారం పెట్టి మరీ లెక్కచూశారు. 74 మంది రోగులు డాక్టరుతో మాట్లాడిన మాటలను రికార్డు చేసి విన్నారు. రోగి నోరు తెరిచి తన బాధ మొదలుపెట్టాక, సగటున 18 సెకన్లకల్లా డాక్టరు అడ్డుపడ్డాడు. తాను చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్ళు 74 మందిలో 17 మందే. 18 సెకన్లంటే ఎంతనుకున్నారు? నేను ఆసుపత్రి వరండా అని మొదలుపెట్టి, ఓ రెండు మాటలు పలికినంత.

"ఆడవాళ్ళను మాట్లాడనిస్తే సాయంత్రందాకా చెబుతూనే ఉంటారండీ" అని డాక్టర్లు నవ్వుతూ అంటుంటారు. అదీ పరీక్షించి చూశారు. 2002లో స్విట్జర్లాండులోని బాసెల్ ఆసుపత్రి డాక్టర్లకు ఒక షరతు పెట్టారు. రోగి తనంత తాను ఆపేదాకా మీరు నోరు మెదపకండి అని. ఏమైందనుకున్నారు? రోగులు సగటున 92 సెకన్లు మాట్లాడి ఆపేశారు. నూటికి 78 మంది రెండు నిమిషాలలోపే ముగించారు. మూడువందలమందికి పైగా రోగులలో అయిదు నిమిషాలు దాటినవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురు చెప్పినదీ అవసరమైన సంగతేనని డాక్టర్లే ఒప్పుకున్నారు.

అయితే ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అది స్విట్జర్లాండు. మన దేశంలో ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి దక్కే సమయమంతా కలిపి సుమారు రెండు నిమిషాలేనని, ఎన్నో దేశాల లెక్కలు కూర్చి 2017లో ప్రకటించిన ఒక వ్యాసంలో తేలింది. పొద్దున్న ఎనిమిదింటికే ఓపీ చీటీల క్యూ గేటుదాకా సాగుతుంది. రాత్రి డ్యూటీ చేసిన కుర్ర డాక్టరు కళ్ళు నులుముకుంటూ వచ్చి కూర్చుంటాడు. ఎదుట ఒక రోగి, రోగి వెనక ముగ్గురు బంధువులు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. ఒకాయన మనవాళ్ళు ఫలానా అని పలుకుబడి చూపిస్తాడు. ఎక్కడైనా ప్రాణం పోతే అద్దాలు పగులుతాయి, డాక్టరుమీద చెయ్యి పడుతుంది. డాక్టర్లను, ఆసుపత్రులను ఇలాంటి దాడులనుంచి కాపాడటానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేకంగా ఒక చట్టమే చెయ్యవలసి వచ్చిందంటే చూసుకోండి. కనుక డాక్టరు విసుక్కున్నాడని వినగానే మనం దుర్మార్గుడని తీర్మానించటం కూడా పేరు పెట్టడమే అవుతుంది.

డాక్టర్లు తమలో తాము రోగులకు పెట్టుకునే పేర్లు లోకమంతటా ఉన్నాయి. 1978లో అమెరికాలో ఒక డాక్టరు మారుపేరుతో రాసిన నవలలో, ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లు ముసలి రోగులను పిలుచుకునే ముద్దుపేరొకటి ఉంది. "నా అత్యవసర విభాగంలోంచి బయటికి పో" అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను కలిపితే వచ్చే పేరది. ఆ నవల చదివి నవ్వుకున్న డాక్టర్లున్నారు, సిగ్గుపడ్డ డాక్టర్లూ ఉన్నారు. 1988లో ఓడౌడ్ అనే డాక్టరు, తలుపు తీసి లోపలికి రాగానే డాక్టరు గుండె జారిపోయే రోగుల గురించి ఒక వ్యాసం రాశాడు. ఇంగ్లండులో ఆ మాట బాగా నిలిచిపోయింది.

ఈ విషయంలో అందరికంటే ధైర్యంగా నిజం చెప్పినవాడు జేమ్స్ గ్రోవ్స్ అనే మానసిక వైద్యుడు. అదే 1978లో, బోస్టన్ నగరంనుంచి వెలువడే ప్రసిద్ధ వైద్యపత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. డాక్టర్లకు కొందరు రోగులంటే అసహ్యం కలుగుతుంది, కలగదని బుకాయించకండి అన్నాడాయన. అలాంటివాళ్ళను నాలుగు రకాలుగా విడదీశాడు. జలగలా అంటిపెట్టుకుని రోజూ వచ్చేవాళ్ళు. నా హక్కు, నా అధికారం అంటూ బెదిరించేవాళ్ళు. ఏ మందిచ్చినా పనిచెయ్యలేదని అదే బాధతో తిరిగివచ్చేవాళ్ళు. తాగవద్దంటే తాగుతూ, తెలిసి తెలిసి తమ ఒంటిని తామే పాడుచేసుకునేవాళ్ళు. మీకు తెలిసినవాళ్ళు ఒకరిద్దరు ఈ నాలుగింటిలో కనపడుతున్నారా? నాకూ కనపడ్డారు!

ఆయన అక్కడితో ఊరుకుని ఉంటే అదీ పేర్లు పెట్టడంలోకే వచ్చేది. ఆయన చెప్పిన అసలు మాట వేరు. రోగిని చూడగానే మీ మనసులో పుట్టే విసుగే ఆ రోగిని గురించి మీకొక కబురు చెబుతోంది, దాన్ని చదవండి అన్నాడు. అంటిపెట్టుకునేవాడికి లోపల భయం. వాడిని తరిమితే ఆ భయం రెట్టింపవుతుంది. మళ్ళీ ఫలానా రోజున, ఫలానా టైముకి రా అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. బెదిరించేవాడికీ భయమే, కాని కోపం వేషంలో వస్తుంది. నీకు మంచి వైద్యం పొందే హక్కుంది, అది ఇస్తాను, రా కలిసి పనిచేద్దాం అనండి. ఏ మందూ పనిచెయ్యదనేవాడికి, రోగం నయమైపోతే డాక్టరు తనను వదిలేస్తాడేమోనని బెంగ. పూర్తిగా నయం చేస్తానని గొప్పలు చెప్పకండి, అప్పుడప్పుడు చూస్తుంటానని చెప్పండి. ఇక తనను తాను చెడగొట్టుకునేవాడిని చూస్తే, వీడు పోతే బాగుండునన్న ఆలోచనైనా డాక్టరుకు రావచ్చు. వస్తే అది పాపమని దాచుకోకుండా గుర్తించండి, గుర్తిస్తే అది మీ చేతలోకి దిగదు అన్నాడు.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఎందుకో కూడా తేలింది. నెదర్లాండ్స్‌లోని పరిశోధకులు శిక్షణలో ఉన్న డాక్టర్లకు రోగుల కథలు కొన్ని ఇచ్చి, రోగం పోల్చమన్నారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. ఒకే రోగం, ఒకే లక్షణాలు. ఒక ప్రతిలో రోగి మామూలు మనిషి. ఇంకో ప్రతిలో రోగి అరుస్తాడు, డాక్టరుకు ఏమీ రాదంటాడు, చెప్పినమాట వినడు. మర్యాదగల రోగి విషయంలో సరిగ్గా పోల్చిన రోగాన్నే, పెడసరపు రోగి విషయంలో ఎక్కువమంది తప్పు పోల్చారు. అతని ప్రవర్తనమీదికి మనసు పోయి, లక్షణాలమీద నిలవక అలా జరుగుతుందని వాళ్ళ అభిప్రాయం. అంటే డాక్టరు చెడ్డవాడు కానక్కరలేదు, నిర్లక్ష్యం చెయ్యనక్కరలేదు. విసుగొస్తే చాలు, రోగం కంటినుంచి జారిపోతుంది.

ఇక మన దేశపు సంగతికి వద్దాం. క్షయరోగం పేరు చెబితే, మా చిన్నతనంలో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు అప్పట్లో తెలియని తెలుగు ఇల్లు తక్కువ. శానిటోరియంలో మంచం దొరికితే బతుకు, లేకపోతే లేదు అనుకునేవాళ్ళు. మందు ఇంటికిచ్చి పంపితే పేదవాళ్ళు, చదువులేనివాళ్ళు వేసుకోరు, వాళ్ళని నమ్మలేం అని పెద్ద పెద్ద వైద్యులే అనేవారు. 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది రోగులలో సగంమందికి ఇంటి దగ్గర, సగంమందికి శానిటోరియంలో ఏడాదిపాటు ఒకే మందు ఇచ్చారు. శానిటోరియం వాళ్ళకు పాలు, గుడ్లు, విశ్రాంతి. ఇంటి దగ్గరివాళ్ళకు చాలీచాలని తిండి, ఇరుకు గది, ఎప్పటిలా పని. ఫలితాలు 1959లో వచ్చాయి. ఇంటి దగ్గర మందు వాడినవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకోవటం కూడా అక్కడికంటే ఇక్కడ ఎక్కువేమీ కాలేదు. నమ్మలేమన్న పేదవాళ్ళే ప్రపంచానికి క్షయ వైద్యం మార్చి చూపించారు. అయితే ఊరికే నమ్మి వదిలెయ్యలేదు సుమండీ. వాళ్ళ ఇళ్ళకు మనుషులు వెళ్ళేవారు, మందు లెక్క చూసేవారు, ఎందుకు మానేశావమ్మా అని అడిగేవారు.

ఇంకొకటి వినండి. పల్లెటూరివాళ్ళకు జబ్బు చేసినా ఆసుపత్రికి రారు, వాళ్ళకు తెలివి లేదు అన్నది అప్పట్లో అందరి మాట. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి విచారించి 1963లో ఒక నివేదిక రాశారు. క్షయ ఉన్నవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా తమకేదో జబ్బు లక్షణం ఉందని ఎరుగుదురు. సగంమందికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యశాల గడప తొక్కినవాళ్ళే. తొక్కితే, వాళ్ళలో చాలామందికి అక్కడ దొరికిందేమిటి? ఒక దగ్గుమందు సీసా! కఫం పరీక్ష చేసినవాళ్ళు లేరు. రానివాళ్ళని పేరు పెట్టింది ఎవరికి? వచ్చి, సీసా పట్టుకుని తిరిగి వెళ్ళినవాళ్ళకి.

క్షయ మందు మధ్యలో మానేసినవాళ్ళను రిజిస్టరులో డిఫాల్టర్లని రాసేవాళ్ళు. అప్పు తీసుకుని ఎగవేసినవాడికి బ్యాంకువాళ్ళు పెట్టే పేరే అది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరును తీసివేసింది. దాని బదులు, మన కంటికి అందకుండా పోయినవారు అన్న అర్థం వచ్చే మాట పెట్టింది. మాట మారితే జబ్బు నయమవుతుందా అని మీరడగవచ్చు. ఎగవేశాడు అంటే పోలీసు గుర్తుకొస్తాడు. అందకుండా పోయాడు అంటే, ఎక్కడ పోయాడో వెదకాలి గదా అన్న ఆలోచన వస్తుంది. కూలికోసం వలస పోయాడా, మందుకు కడుపులో తిప్పిందా, అత్తవారింట్లో తెలిస్తే వదిలేస్తారని ఆ పిల్ల మాత్రలు దాచిందా అని.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. మధుమేహం. నెలకోసారి ఆవిడకు తోడుగా నేనూ ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. ప్రతినెలా రక్తంలో చక్కెర ఎక్కువే చూపించేది. ప్రతినెలా డాక్టరుగారు "మామ్మగారూ, మీరు మందు వేసుకోవటం లేదు" అనేవారు. ఆవిడ "వేసుకుంటున్నాను బాబూ" అనేది. మాత్రలు లెక్కపెడితే సగం మిగిలి ఉండేవి. నాలుగో నెలకల్లా చీటీ మీద, మాట వినని రోగి అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఎక్కింది. ఆ నెలనుంచి చూసే తీరు మారింది. ఏదడిగినా "ముందు మందు సరిగ్గా వేసుకోండి" అన్న ఒక్క జవాబే. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయన్నా అదే, కన్ను మసకగా ఉందన్నా అదే. చక్కెరజబ్బులో తిమ్మిరీ, కంటిమసకా ఎంత పెద్ద హెచ్చరికలో మీకు తెలియనిది కాదు.

ఒకసారి రక్తం తీయటానికి కొత్త నర్సమ్మ వచ్చింది. ఇరవైరెండు, ఇరవైమూడేళ్ళ పిల్ల. సూది గుచ్చుతూ మాటల్లో, "మామ్మగారూ, మీ ఇంట్లో మీరు అందరికంటే ముందు తింటారా, ఆఖరున తింటారా?" అని అడిగింది.

ఆవిడ నవ్వేసి, "ముందెలా తింటానే తల్లీ? కొడుకు కొట్టునుంచి రావాలి, మనవడు బడినుంచి రావాలి. వాళ్ళు తిన్నాక కోడలూ నేనూ. ఒకనాడు ఒంటిగంట, ఒకనాడు మూడు. భోజనానికి అరగంట ముందు మాత్ర వేసుకోమన్నారు. నా భోజనం ఎప్పుడో నాకే తెలీదు. వేసుకుని కూర్చుంటే ఒళ్ళంతా చెమటలు పోసి, కళ్ళు తిరిగి పడిపోయాను రెండుసార్లు. అందుకని వాళ్ళు త్వరగా వచ్చిన రోజునే వేసుకుంటున్నాను" అంది.

"మరి డాక్టరుగారికి చెప్పలేదేం?"

"ఎందుకు వేసుకోవటం లేదని ఆయన అడగలేదు. వేసుకోవటం లేదు అని చెప్పాడంతే."

అమ్మలారా, ఆ మాట నా మనసులో ముద్రపడిపోయింది. ఆవిడ మొండిది కాదు. మాత్ర వేసుకుని తినకపోతే చక్కెర మరీ పడిపోయి ప్రమాదమవుతుందని, ఏ పుస్తకమూ చదవకుండా తన ఒంటిమీద తానే కనిపెట్టిన మనిషి. ఆ నర్సమ్మ వెళ్ళి చెబితే డాక్టరుగారు వెంటనే పిలిపించారు. ఆయన చెడ్డవారు కారు. మందు మార్చారు. వేళ మార్చారు. కొడుకును పిలిచి, "మీ అమ్మ రోజూ ఒకే వేళకు అన్నం తినాలి. మీరు రాకపోయినా సరే తినాలి" అని చెప్పారు. అప్పటినుంచి ఆవిడకు ఒంటిగంటకు కంచం పెట్టటం ఇంట్లో అలవాటైంది. అరవైయ్యేళ్ళు దాటిన ఇల్లాలు తన వేళకు తాను తినటానికి డాక్టరు ఉత్తరువు కావలసివచ్చింది! మొదట్లో ఆవిడ సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేది.

ఆడవాళ్ళ విషయంలో ఈ పేర్లు మరీ తొందరగా అంటుకుంటాయి. ఒళ్ళునొప్పులంటే టెన్షన్ అంటారు. గుండెదడంటే గ్యాస్ అంటారు. వెనకటికి హిస్టీరియా అనేవారు. గ్రీకు భాషలో గర్భసంచికున్న పేరునుంచి పుట్టిన మాట అది. నేటి వైద్యుల రోగాల పట్టికల్లో ఆ పేరు లేదు గాని, ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదు. గుండెపోటు వచ్చిన ఆడవాళ్ళలో ఛాతీనొప్పితోపాటు ఆయాసం, వాంతి, దవడనొప్పి, వీపునొప్పి, విపరీతమైన నీరసం వంటివి మగవాళ్ళకంటే ఎక్కువగా కనపడతాయని ఇప్పుడు వైద్యులే చెబుతున్నారు. అలాంటప్పుడు ఈవిడ ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది అన్న పేరు ముందే పడి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఆసుపత్రుల్లో లామా అన్న మాట వినే ఉంటారు. డాక్టరు వద్దన్నా వినకుండా వెళ్ళిపోయిన రోగి కేసు షీటు మీద రాసే నాలుగు ఇంగ్లీషు అక్షరాలవి. సంతకం చేయించుకుని పంపేస్తారు. చట్టం దృష్టిలో అది అవసరమే. కాని ఆ నాలుగక్షరాల వెనక ఏముంటుంది? ఇంటి దగ్గర పాలుతాగే పిల్ల ఉంటుంది. కోతల రోజులుంటాయి. చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. మగవార్డు పక్కన స్నానాలగది తలుపుకు గడియ ఉండదు. "ఎందుకు వెళ్ళిపోతున్నావమ్మా?" అని ఒక్కమాట అడిగి, ఆ కారణం కూడా అదే కాగితంమీద రాస్తే, తరవాత చూసే డాక్టరుకు ఎంత మేలు! ఒకరు రాసిన పేరును తరవాతివాళ్ళు చదువుతారు, చదివినట్టే చూస్తారు. కారణం రాస్తే కారణాన్ని చదువుతారు.

వైద్యులు ఈ సంగతి గుర్తించలేదని నేననటం లేదు. 1950లలోనే లండన్లో మైకేల్ బాలింట్ అనే మానసిక వైద్యుడు మామూలు డాక్టర్లను కొందరిని కూర్చోబెట్టి, మిమ్మల్ని విసిగించే రోగిని గురించి చెప్పండి అని మాట్లాడించేవాడు. 1957లో దానిమీద పుస్తకమే రాశాడు. వైద్యుడే ఒక మందు, ఆ మందు మోతాదు తెలుసుకుని వాడాలి అన్నది ఆయన సిద్ధాంతం. నేటికీ చాలా దేశాల్లో డాక్టర్లు అలా కూడి మాట్లాడుకుంటున్నారు. మన దేశంలో 2019నుంచి వైద్యవిద్యార్థుల చదువులో రోగితో ప్రవర్తన, నీతి, మాటతీరు అన్నవి పాఠాలుగా చేర్చారు. మంచిదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలన్నదాన్ని ఇప్పుడు పరీక్షకు చదువుతున్నారన్నమాట!

మరి మనవైపునుంచి చెయ్యవలసింది ఏమీ లేదా? ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. చెప్పందే డాక్టరుకైనా తెలియదు.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని మూడే మూడు సంగతులు కాగితంమీద రాసుకోండి. అన్నిటికంటే భయపెడుతున్నది మొదట రాయండి. మనలో చాలామంది తలనొప్పితో మొదలుపెట్టి, లేచి తలుపు దగ్గరికి వచ్చాక, "అన్నట్టు డాక్టరుగారూ, రొమ్ములో చిన్న గడ్డ..." అంటాం. ఆ గడ్డే మొదట చెప్పాలి.

మందు మానేస్తే మానేశానని చెప్పండి. ఎందుకు మానేశారో అదే ఊపిరిలో చెప్పండి. వేసుకున్నానని అబద్ధమాడితే డాక్టరు మోతాదు పెంచుతాడు, అది మనకే ముప్పు. నాటుమందు వాడినా, పసరు తాగినా, ఉపవాసాలున్నా దాచకండి. వాడుతున్న మాత్రలన్నీ, పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.

రోగితో వెళ్ళినవాళ్ళు నలుగురూ ఒకేసారి మాట్లాడకండి. ఒకరు చెప్పండి. అంతకంటే ముందు రోగిని చెప్పనివ్వండి. మన ఇళ్ళల్లో ఆడమనిషి జబ్బును ఆవిడ భర్తే చెబుతాడు. ఆవిడ తల వంచుకుని కూర్చుంటుంది. ఇంటికొచ్చాక, "నేను చెప్పాలనుకున్నది అది కాదు" అంటుంది.

డాక్టరు చెప్పింది మీ మాటల్లో ఒకసారి తిరిగి ఒప్పజెప్పండి. "అయితే ఇది పొద్దున్న తిన్నాక, ఇది రాత్రి పడుకునేముందు, అంతేనా అండీ?" అని. అర నిమిషం పని. మీరు అనుకున్నదీ ఆయన అన్నదీ ఒకటో కాదో అక్కడే తేలిపోతుంది.

మీ మాట వినటం లేదనిపిస్తే అరవకండి, ఏడవకండి. "నా బాధ మీకు సరిగ్గా చెప్పలేకపోయానేమో, ఇంకొక్క నిమిషం వినండి" అనండి. "ఇది ఇంకేమైనా అయి ఉండవచ్చా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు ఎంత విసుగులో ఉన్న డాక్టరైనా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఇంకో సంగతి. మీ వైద్యం తాలూకు కాగితాలు అడిగే హక్కు మీకుంది. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం, అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలి. పోట్లాటకు కాదు, రెండో డాక్టరుకు చూపించుకోవటానికైనా అవి పనికివస్తాయి.

ఈ ప్రసంగం వింటున్నవారిలో డాక్టర్లుంటే, నర్సులుంటే, మా ఆడవాళ్ళ తరఫున ఒక్క మనవి. రోగి మాట వినటం లేదని రాసేముందు, ఎందుకని అన్న ఒక్కమాట అడగండి. జవాబు వచ్చేదాకా ఓ నిమిషం ఆగండి. అడిగిన తరవాత కూడా మొండితనమే కనపడితే అప్పుడు రాసుకోండి, మేము కాదనం. కాని ఆ మొండితనం వెనక చాలాసార్లు ఒక ఆలస్యమైన భోజనమో, ఒక ఖాళీ పర్సో, ఒక భయమో బయటపడుతుంది. వాటికి మీ దగ్గర మందుండకపోవచ్చు. తెలిస్తే, మీరిచ్చే మందు మాత్రం పనిచేస్తుంది.

ఈ వారం మీ ఇంట్లో మందు వాడుతున్న పెద్దవాళ్ళను మీరే అడిగి చూడండి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో, ఏది మానేశారో, ఎందుకు మానేశారో. ఏం చెబుతారో వినండి. నాకు తెలిసి ఒకరిద్దరైనా ఆశ్చర్యపోయే జవాబులు చెబుతారు. ఆ జవాబును ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారి చెవిన వెయ్యండి.